కొబ్బరి నీళ్ళ మీద వేసిన నింద

ఏళ్ళ తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇవాళ దింపేస్తున్నాను. నేనెవరో మీకు తెలియదు. కానీ నా వ్యాసాలు ఈ పత్రికలో మీరు చదివే ఉంటారు. జాతకాల మీద, ముహూర్తాల మీద, బాబాల విభూతి మీద నిప్పులు చెరిగిన వ్యాసాలు. రుజువేదీ, రుజువేదీ అని ప్రతి పేరాలో బల్ల గుద్దినవాణ్ణి నేను. ఈసారి కింద పేరు లేదు. భయమా? కాదనుకుంటాను. రాయడానికి కూర్చుంటే ఏదో హుషారుగా కూడా ఉంది. ఇంత పెద్ద బరువు దించబోతున్నవాడికి హుషారు ఉండకూడదా? ఉండకూడదేమో. ఉంది మరి.

నేను లౌటోకాలో పుట్టాను, ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడే. మా ఇంట్లో వంటా తిట్లూ హిందీలో నడిచేవి, వాదన మాత్రం తెలుగులో జరగాలి. అది నాన్న పెట్టిన నియమం. చెరకు తోటలకు ఒప్పందం మీద వచ్చినవాళ్ళ మనవడు ఆయన. ఇక్కడి తెలుగువాళ్ళ సంఘం బడిలో తెలుగు చెప్పేవాడు. సంఘంలో చర్చల పద్ధతి కూడా ఆయన పెట్టిందే. ఏ నిర్ణయమైనా రెండు పక్షాలు లేచి వాదించాలి, గంట కొడితే నోరు మూయాలి, చేతులెత్తి తేల్చుకోవాలి. ఆ తర్వాతదే అసలు సంగతి. ఓడినవాడే గెలిచిన తీర్మానాన్ని అమలు చేయాలి. అలిగి ఇంటికి పోవడానికి వీల్లేదు. ఓడినవాడి చేతులతోనే పని జరిగితే సంఘంలో కక్షలు మిగలవని నాన్న నమ్మకం. ఎంత అందమైన నమ్మకం! దాన్ని నేను ఎలా వాడుకున్నానో చెప్తాను.

సంఘం ఆఫీసు లౌటోకా బజారులో ఒక బట్టల షాపు పైన ఉండేది. అక్కడ ఒక బీరువా నిండా క్యాసెట్లు. మా ముసలివాళ్ళ గొంతులు. మా తెలుగు ఆ ముసలివాళ్ళతోనే పోతోందని మాకు తెలుసు. పిల్లలకు హిందీ వచ్చు, ఇంగ్లీషు వచ్చు, తెలుగు మాత్రం గుడిలో వినిపించే శబ్దంగా మిగిలింది. అందుకని నేనూ నర్సయ్యన్నా టేప్ రికార్డర్ పట్టుకుని సెలవురోజుల్లో ఊళ్ళు తిరిగాం. నర్సయ్యన్న నాకన్నా చాలా పెద్దవాడు. భూముల సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం. సంఘం కార్యదర్శి. రోజూ పూజ చేసేవాడు. నేను రోజూ ఆ పూజను ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన నవ్వేవాడు.

ఒకసారి ఇద్దరం ఓడెక్కి పక్క దీవికి పోయి, బస్సు మారి లబాసా అవతల టాబియాకు వెళ్ళాం. అక్కడ చెరకు తోటల మధ్య ఆయన తల్లి ఎల్లమ్మ ఉండేది. ఆమె నాట్ల పాట పాడింది. పాట మధ్యలో ఇంట్లోకి వచ్చిన కోడిని తిట్టి, మళ్ళీ పదం అందుకుంది. ఆ తిట్టు కూడా టేపులో ఉంది. తర్వాత కొన్నాళ్ళకే ఆమె పోయింది. అప్పటినుంచి నర్సయ్యన్న ఆఫీసుకు వచ్చినప్పుడల్లా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ పాట వినేవాడు. కోడి దగ్గరికి వచ్చేసరికి భుజాలు కదిలేవి. నవ్వుతున్నాడని దూరం నుంచే తెలిసేది.

ఇక్కడి తేమకు క్యాసెట్లకు బూజు పట్టడం మొదలైంది. అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఆఫీసులో వాటిని దాచే ఒక ఫైల్ సర్వర్ పెట్టాలని సంఘం తీర్మానించింది. ఏ సర్వర్? ఏ ఆపరేటింగ్ సిస్టం? ఎన్ని డిస్కులు, ఎలా కలపాలి? చర్చ పెట్టారు. ఒక పక్షం నేను. రెండో పక్షం నర్సయ్యన్న.

ఆ చర్చకు ముందు రోజులు నేను నేలమీద నడవలేదంటే నమ్మండి. దొరికినవన్నీ చదివాను. నాలుగు డిస్కుల్ని ఒకే డిస్కులా కలిపే పద్ధతిని రెయిడ్ అంటారు. అందులో ఎన్నో రకాలు. అయిదో రకం చదివినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. సమాచారాన్ని ముక్కలు చేసి డిస్కులన్నిటిమీదా పరుస్తుంది. వాటితోపాటు ఒక లెక్క ముక్కను కూడా రాస్తుంది. ఏ ఒక్క డిస్కు చచ్చిపోయినా, మిగిలిన వాటినీ ఆ లెక్కనీ కలిపి పోయినదాన్ని తిరిగి పుట్టించవచ్చు. మంత్రం లేదు, మొక్కు లేదు, కూడికలాంటి లెక్క! చచ్చినదాన్ని గణితం బతికిస్తుంది! ఇంతకన్నా గొప్ప కవిత్వం నేను చదవలేదు. ఆపరేటింగ్ సిస్టం అంటారా, లినక్స్ తప్ప ఇంకేమీ నా కంటికి ఆనలేదు. దాని లోపల ఏముందో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

చర్చ రోజు హాలు నిండింది. చాప మీద యంగోనా అనే వేరు పానీయం గిన్నె, చుట్టూ పెద్దలు, తాగే కొబ్బరి చిప్ప చేతులు మారుతోంది. నర్సయ్యన్న ముందు మాట్లాడాడు. విండోస్ పెడదాం, ఆఫీసులో అందరికీ అది అలవాటు, చెడిపోతే బాగుచేసేవాడు పిలిస్తే వస్తాడు అన్నాడు. డిస్కుల్ని జంటలుగా పెడదాం, ఒకదానిలో ఉన్నదే పక్కదానిలోనూ ఉంటుంది, ఏది విడిగా తీసినా చదవొచ్చు అన్నాడు. అన్నిటికన్నా ముఖ్యం ఇంకో నకలు తీసి వేరే చోట దాచడం అన్నాడు. సర్వే ఆఫీసులో ప్రతి పటానికీ రెండో నకలు ఇంకో కట్టడంలో ఉంటుందట. మన నకలు ఊరి అంచున నటబువాలో మా ఇంటి పూజగదిలో పెడదాం అన్నాడు.

పూజగది! ఆ మాట వినగానే నాలో ఏదో భగ్గుమంది. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తుంది. రోజూ దీపం వెలిగే గది అది, తేమ ఆరిపోయి ఉంటుంది, దానికి తాళం ఉంటుంది. పటాలు దాచే మనిషి ఎంచుకునే గదే. కానీ నాకు కావలసింది గది కాదు, అందులో ఉన్న దేవుడు. లేచాను. మూలం దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ గర్భగుడిలాంటిది, లోపలికి పూజారికే ప్రవేశం అన్నాను. చప్పట్లు. జంట డిస్కులు పిరికివాళ్ళ లెక్క అన్నాను. ఇంకా చప్పట్లు. నకలు తీసి దేవుడి కాళ్ళ దగ్గర పెట్టడమంటే గణితం మీద నమ్మకం లేదని ఒప్పుకోవడమే అన్నాను.

"అన్నా, రాత్రిపూట బ్యాకప్ తీసేది నీ దేవుడేనా?" అని అడిగాను.

"దేవుడు కాదు తమ్మీ, తాళం," అన్నాడాయన. ఎవరికీ వినపడలేదు. హాలంతా నవ్వుతోంది.

గెలిచాను. చేతులు లెక్కపెట్టాల్సిన పని కూడా లేకపోయింది. నేను అక్కడితో ఆగానా? క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కాక వాటిని ఇంకా దాచుకోవడం బూడిదను పూజించడమే అని ఇంకో తీర్మానం తోశాను. అదీ గెలిచింది. పద్ధతి ప్రకారం ఓడినవాడే అమలు చేయాలి కదా. క్యాసెట్లను ఒక్కొక్కటిగా వింటూ కంప్యూటర్లోకి ఎక్కించిందీ, ఆ తర్వాత మూటలు కట్టి చెత్త బండికి ఎత్తిందీ నర్సయ్యన్నే. వాళ్ళమ్మ క్యాసెట్టు కూడా. నేను చూస్తూ నిలబడ్డాను. ఆయన క్షణం తటపటాయించి, ఎత్తేశాడు. ఓడిన మనిషి ఇంత నిజాయితీగా తీర్మానాన్ని పాటిస్తే నాకు సిగ్గనిపించాలి. నాకు గర్వమనిపించింది. చూశావా నాన్నా, నీ పద్ధతి ఎంత బాగా పనిచేస్తోందో అనుకున్నాను.

సర్వర్ కూడా బాగా పనిచేసింది. దాన్ని నడపడం నాకొక్కడికే వచ్చు కాబట్టి అది నా చేతిలోనే ఉండేది. అది ఒప్పుకోవాలి. లినక్స్ తప్పు లేదు, రెయిడ్ తప్పూ లేదు. వాటి మీద తోసేస్తే నాకు తేలికే. తోయను. ఒకటి చచ్చినా మిగతావి నిలబడతాయని రెయిడ్ చెప్పింది. నకలు అక్కర్లేదని అది ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాట నాది.

ఆయుధపూజ వచ్చింది. ఆఫీసులో టైప్‌రైటర్ ఉన్న కాలం నుంచీ ఆ రోజు నర్సయ్యన్న పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చుక్కలు చల్లేవాడు. ఆ ఏడు సర్వర్ పెట్టెకూ బొట్టు పెట్టాడు. నేను గుమ్మంలో నిలబడి వెక్కిరించాను. ఆయన మామూలుగానే నవ్వాడు. పెట్టె పైన రెండు మూడు చుక్కలు పడ్డాయి. తువ్వాలుతో తుడిచాడు.

కొద్దిరోజుల తర్వాత ఒక ఉదయం సర్వర్ ఒక డిస్కు చచ్చిపోయిందని చూపించింది. నాకు కలిగింది దుఃఖం కాదు. సంబరం! ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న క్షణం. చచ్చినదాన్ని లెక్కతో బతికించి చూపించే రోజు. కొత్త డిస్కు బీరువాలో సిద్ధంగా ఉంది. నర్సయ్యన్నకు ఫోన్ చేసి, రా అన్నా, గణితం ఏం చేస్తుందో చూపిస్తాను అన్నాను. ఆయన వచ్చేదాకా ఆగలేకపోయాను.

యంత్రం డిస్కులకు అక్షరాలతో పేర్లు పెట్టుకుంటుంది. ముందున్న అరలకు ఏ పేరూ రాసి లేదు. నేను రాయలేదు. చచ్చిందని తెర చూపించింది మూడో అక్షరాన్ని, ఎడమనుంచి లెక్కపెట్టి మూడోది లాగాను. తీగలు కుడినుంచి మొదలయ్యాయని అప్పటికి నాకు తెలియదు. లాగింది బాగున్న డిస్కు. చచ్చింది ఒకటి, లాగింది ఒకటి. రెండు పోతే ఏ లెక్కా నిలబడదు. తెర స్తంభించిపోయింది.

అప్పుడైనా ఆగి ఉంటే! చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటే! తీసినదాన్ని మళ్ళీ పెట్టి, తెలిసినవాణ్ణి అడిగి ఉంటే చాలావరకు దొరికేదని తర్వాత చదువుకున్నాను. నేను ఆగలేదు. నర్సయ్యన్న మెట్లెక్కి వచ్చేలోపల అంతా సర్దేయాలి. అదొక్కటే నా బుర్రలో ఉంది. డిస్కుల సమూహాన్ని కొత్తగా కట్టమని ఆజ్ఞ ఇచ్చాను. డిస్కుల వరస కూడా తప్పు. వీటిలో పాత సమాచారం ఉన్నట్టుంది, నిజంగా కట్టమంటావా అని యంత్రం నన్ను అడిగింది. అడిగింది! ఆ గదిలో అప్పుడు వివేకం ఉన్నది దానికొక్కదానికే. అవును అని కొట్టాను.

అంతే. లోపల ఉన్నవన్నీ అర్థంలేని గీతలైపోయాయి.

పెట్టె మూత తీసి చూశాను. ఎందుకు తీశానో ఇప్పటికీ స్పష్టంగా చెప్పలేను. ఏదో ఒక కారణం కనిపిస్తుందని ఆశ కాబోలు. లోపల పలుచగా దుమ్ము. ఆ దుమ్ము మీద ఒక్క చుక్క ఆనవాలు లేదు. పొడిగా ఉంది. నా కళ్ళతో చూశాను, చూసి మూత బిగించాను. ఇది గుర్తుపెట్టుకోండి. రుజువు నా ముందే ఉంది.

నర్సయ్యన్న వచ్చాడు. చేతిలో బొప్పాయి పండు, మొహం నిండా నవ్వు.

"కా హోయ్ గయిస్, ఏమైంది తమ్మీ? మొహం కాహే అట్లా పెట్టినావు?"

"సర్వర్ పోయింది అన్నా."

"పోతే పోనీ. ఒకటి పోతే పరవా లేదు అంటివి గదా. నీ లెక్క ఉండాది గదా."

"ఒకటి కాదు. అన్నీ పోయాయి."

ఆయన పండు బల్లమీద పెట్టాడు.

"అమ్మది?"

నేను పెట్టె వైపు చూశాను. ఆయన పెట్టె దగ్గరికి వచ్చాడు. ముందువైపు బొట్టు ఇంకా ఉంది. పైన, తుడిచినచోట, తెల్లటి మరక. దాన్ని వేలితో తాకాడు. వేలు అక్కడే ఉంచి నావైపు తిరిగాడు.

"నా కొబ్బరి నీల్లు లోపలికి పోయిందా, తమ్మీ?"

నేను అనలేదు, చూశారా? ఆయనే అడిగాడు. ఎన్నిసార్లు ఈ మాట అడ్డం పెట్టుకున్నానో! ఆయనే అడిగాడు కాబట్టి నేను కల్పించలేదు, ఆయన చెప్పినదానికి తలూపానంతే. ఎంత నేర్పరి వాదన! కానీ ఆ ప్రశ్నకు ఉన్న నిజమైన జవాబు నాకు తెలుసు. ఆ గదిలో తెలిసింది నాకొక్కడికే.

"పోయాయి అన్నా," అన్నాను.

"సచ్చీ?"

"సచ్చీ."

"అరే, నా చేత్తో నేనే చేసినానా," అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి కాదు. తువ్వాలు తీసి, ఎండిపోయిన ఆ మరకను తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు.

ఆ వారం సంఘం సమావేశమైంది. ఆఫీసులో పూజలు నిషేధించాలని నేను తీర్మానం పెట్టాను. మాట్లాడాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు, ఇది సిగ్గుతోనే చెప్తున్నాను. నాలుగు చుక్కల మూఢత్వం మన తాతల గొంతులను మింగేసిందన్నాను. వృద్ధులు ఏడ్చారు. నాకే కళ్ళు చెమర్చాయి. అబద్ధానికి కన్నీళ్ళు వస్తాయా? వస్తాయి. నేను చెప్పేది అబద్ధమని ఆ ఉద్రేకంలో నాకే గుర్తులేదు. ఒక దొంగ బాబా కూడా ఇలాగే నమ్ముతాడేమో తన విభూతిని! నేను ఎవరిని చీల్చి చెండాడానో వాళ్ళ పక్కనే ఆ రోజు నిలబడ్డాను. ఇంకా చెప్పాలంటే వాళ్ళకన్నా కింద. వాళ్ళు రుజువు ఉందని చెప్పుకోరు. నేను చెప్పుకున్నాను.

రెండో పక్షానికి ఎవరూ లేవలేదు. పద్ధతి ఆగిపోకూడదని నర్సయ్యన్న తానే లేచి, నేను ఓడిపోయినాను అని కూర్చున్నాడు. తీర్మానం అమలు ఆయన చేతికే వచ్చింది. గోడమీది దేవుడి పటాలు దించి ఇంటికి తీసుకుపోయాడు. ఆ తర్వాత ప్రతి ఆయుధపూజకీ, ఎవరూ కొబ్బరికాయ తీసుకురాకుండా ఆఫీసు మెట్ల కింద కాపలా నిలబడతాడు. ఎవరైనా గొణిగితే, "వద్దు బాబూ, ఒకసారి నేను చేసిందే చాలు," అంటాడు. ఆ మాట నా చెవిన పడ్డప్పుడల్లా నేను కాగితాలు సర్దుకుంటాను.

ఎందుకు చెప్పలేదు? మొదట భయం. తర్వాత, మంచి ఫలితమే వచ్చింది కదా అనే వాదన. పూజలు ఆగాయి, అది సంస్కరణ కాదా? ఆ వాదన మీద కొన్నేళ్ళు బతికాను. అబద్ధం పునాది మీద లేచిన సంస్కరణకూ, మోసంతో నిలబడ్డ మఠానికీ తేడా ఏమిటని ఇంకొకడైతే నేనే అడిగేవాణ్ణి. నన్ను నేను అడగలేదు. ఆ తర్వాత, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనే విసుగు. ఇవన్నీ పైపై మాటలు. అసలు కారణం చెప్పనా? గెలుపు. ఆయన ముందు ఓడిపోయినట్టు కనిపించడం నాకిష్టం లేదు. అంత చిన్నది.

మొన్న సంఘంలో మళ్ళీ చర్చ. మిగిలిన కాగితాలూ ఫొటోలూ ఎక్కడ దాచాలని. కొత్తతరం పిల్లలు హిందీలోనే వాదించారు, చురుగ్గా, ముచ్చటగా. నకలు రెండు మూడు చోట్ల ఉండాలని వాళ్ళలో ఒకమ్మాయి అంది. హాలంతా ఒప్పుకుంది. అప్పుడు నర్సయ్యన్న లేచాడు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

"ఈ బేటీ మాట వినండి," అన్నాడు పిల్లలకు తెలిసేలా హిందీలోనే. "నన్ను చూడండి. అమ్మ గొంతు నేనే తుడిచేసినాను. నా భక్తితో తుడిచేసినాను."

పిల్లలు జాలిగా చూశారు. కొందరు నావైపు తిరిగి, ఆ రోజు హెచ్చరించినవాడు ఈయనే అన్నట్టు తలలు ఊపారు.  ఒక మనిషి తన తల్లిని తానే రెండోసారి చంపుకున్నానని ఇన్నేళ్ళుగా నమ్ముతున్నాడు. నేను పక్క కుర్చీలో కూర్చుని ఆ నమ్మకాన్ని కాపాడుతున్నాను. నేను చేసిన హాని డిస్కులకు కాదు. ఈ మనిషికి.

ఆయన ఇంటికి వెళ్ళి చెప్పొచ్చు కదా అంటారు. నా నోరు నాకు తెలుసు. మొదలుపెట్టిన కాసేపటికి నా పరిస్థితులు వివరిస్తాను, నా వయసు, ఆ క్షణపు కంగారు. చివరికి ఆయనే నన్ను ఓదారుస్తూ టీ పెడతాడు. మాట్లాడితే నేను గెలుస్తాను. అందుకే రాస్తున్నాను. ఈ పత్రిక ప్రతులు లౌటోకాకు రెండే వస్తాయి. ఒకటి నాకు. ఇంకోటి నటబువాలో నర్సయ్యన్నకు. తెలుగు చదవగలిగినవాళ్ళు మాలో మిగిలింది అంతమందే. ఆయన వేలు పెట్టి నెమ్మదిగా, ఏదీ వదలకుండా చదువుతాడు. పేరు లేకపోయినా ఇది ఎవరు రాశారో ఆయనకు తెలిసిపోతుంది. మీకు తెలియకపోతే నష్టం లేదు.

అన్నా, ఇక్కడిదాకా వచ్చావా? నువ్వు వచ్చేలోపల మూత తీసి చూశాను. నీళ్ళు లోపలికి పోలేదు. ఒక్క చుక్క కూడా. బాగున్న డిస్కు లాగింది నేను. యంత్రం వద్దన్నట్టు అడిగినా అవునన్నది నేను. అమ్మ గొంతు నా చేత్తో పోయింది. నీ చెయ్యి దాన్ని తాకలేదు. తెలిసి, నీకు అబద్ధం చెప్పాను.

నన్ను ఏం చేస్తావో నీ ఇష్టం. గేటు తీయకపోయినా సరే, సంఘంలో అందరి ముందూ చదివి వినిపించినా సరే. క్షమించమని అడగను. అడగడం మొదలుపెడితే నీకు జవాబు చెప్పాల్సిన పని పడుతుంది. ఎల్లమ్మ పాట తిరిగి రాదు. కోడి మీద ఆమె కోపం కూడా రాదు. ఏ లెక్కా దాన్ని పుట్టించదు.

నా తరఫున చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. రాసేశాను. ఎంత హాయిగా ఉందో!